మన ఇంటి ముందు వీధి బండ్లకా, మనుషులకా?

డిశ్చార్జి రోజున మేము రోగిని, రోగి బంధువులను కూర్చోబెట్టి చీటీలో రాసినవన్నీ ఒక్కొక్కటిగా చదివి చెబుతాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, కట్టు ఎప్పుడు మార్పించాలి, మళ్ళీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలి అన్నీ చెబుతాము. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారి చీటీలో ఆఖరి వరుస దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది: రోజూ అరగంట నడవాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ వరుస చదువుతున్నాను. చదివేసి చీటీ మడిచి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఒక పెద్దాయన కొడుకు నన్ను ఆపాడు.

"ఎక్కడ నడిపించమంటారు సిస్టర్? మా సందులో గడప దాటితే బండే. మొన్నామధ్య నాన్నని ఒక బైకు రాసుకుంటూ పోయింది. అప్పట్నించీ అరుగు దిగనంటున్నారు."

"దగ్గర్లో పార్కు లేదా బాబూ?" అని అడిగాను.

"ఉంది. అక్కడికి వెళ్ళాలంటే మెయిన్ రోడ్డు దాటాలి కదండీ."

నా దగ్గర జవాబు లేకపోయింది. మందు రాసినప్పుడు అది ఏ షాపులో దొరుకుతుందో చెబుతాము. నడక రాసినప్పుడు అది ఎక్కడ దొరుకుతుందో ఎవరమూ చెప్పము.

మా ఆసుపత్రి ఇంకో చివర కేజువాల్టీ ఉంది. సాయంత్రం బడి వదిలాక చేయి విరిగి, నుదురు చిట్లి వచ్చే పిల్లల తల్లులను "ఎక్కడ జరిగిందమ్మా?" అని అడిగితే "మా ఇంటి ముందే సిస్టర్" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక బాబుకు మూడేళ్ళు. సొంత బాబాయే కారు వెనక్కి తీస్తూ చూసుకోలేదు. అంత చిన్న పిల్లవాడు కారు వెనుక నిలబడితే అద్దంలో కనిపించడు. దేవుని దయవల్ల బాబు బతికాడు, తొడ ఎముక అతికింది. ఆ బాబాయి మాత్రం మూడు రోజులు వార్డు బయట నేల మీద కూర్చుని అన్నం ముట్టలేదు. ఆయన తాగి నడపలేదు, వేగంగా నడపలేదు. పిల్లలు ఆడుకోవడానికీ కారు తిప్పుకోవడానికీ ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క జాగానే.

రోడ్డు ప్రమాదం అనగానే మనకు హైవే, లారీ గుర్తుకు వస్తాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో దాదాపు ఐదో వంతు నడిచి వెళ్తున్నవారు. సందులలో విరిగే చేతులు, భయంతో ఇంట్లోనే కూర్చుండిపోయే పెద్దవాళ్ళ కాళ్ళు ఈ లెక్కలోకి రావు. ఈ వ్యాసం వారి గురించే. ఇళ్ళ మధ్య వీధిని అక్కడ ఉండేవారే కూర్చుని, మాట్లాడుకుని, బండికీ మనిషికీ ఇద్దరికీ చోటు ఉండేలా మార్చుకోవచ్చునా? మార్చుకోవచ్చు. మార్చుకున్న ఊరు ఒకటి ఉంది.

డెల్ఫ్ట్ ఊరి కథ

నెదర్లాండ్స్ దేశంలో డెల్ఫ్ట్ అని ఒక పాత ఊరు. నీలిరంగు బొమ్మలు వేసిన పింగాణీ పాత్రలకు పేరు పొందింది. కాలువలు, వాటి పక్కన ఇరుకు వీధులు, వీధికి ఆనుకుని ఇళ్ళు. ఈ రోజు ఆ దేశం అనగానే అందరూ సైకిళ్ళ దేశం అంటారు గాని, 1960లలో అక్కడ కూడా జనం చేతికి డబ్బు వచ్చి కార్లు ఒక్కసారిగా పెరిగాయి. పెద్ద రోడ్డు మీద రద్దీ తప్పించుకోవడానికి కార్లవాళ్ళు ఇళ్ళ మధ్య సందుల్లో పడి పోయేవారు. పిల్లలు ఆడుకునే చోటు కార్లు నిలిపే చోటైంది. మన ఊళ్ళలో ఈ ఇరవై ఏళ్ళలో జరిగినది అక్కడ అప్పుడు జరిగింది.

ఆ దేశంలో చాలా ఇళ్ళ వీధులకు సిమెంటో తారో వేయరు. ఇసుక పరిచి దాని మీద ఇటుకలు పేరుస్తారు. పైపు మరమ్మతు వస్తే ఇటుకలు తీసి, పని అయ్యాక మళ్ళీ పేరుస్తారు. 1960ల చివరలో డెల్ఫ్ట్‌లో ఒక వీధివాళ్ళు విసిగిపోయి రాత్రికి రాత్రి ఇటుకలు లేపి, తిన్నగా ఉన్న దారిని వంకరటింకరగా మార్చేశారని చెబుతారు. తెల్లవారాక కార్లు వచ్చాయి. దారి మూసి లేదు, కాని తిన్నగా దూసుకుపోయే వీలు లేదు. నెమ్మదిగా తిప్పుకుంటూ పోవలసిందే.

మునిసిపాలిటీ వారు వచ్చి మళ్ళీ తిన్నగా పేర్చి వెళ్ళిపోవచ్చు. అక్కడ ఆ పని చేయలేదు. ఆ ఊరి మునిసిపాలిటీలో యోస్ట్ వాల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన ఆ వీధులవాళ్ళతో కూర్చుని, ఎక్కడ చెట్టు పెట్టాలి, ఎక్కడ కారు నిలపాలి, పిల్లలు ఎక్కడ ఆడతారు అని వారితో కలిసి గీయించి, పద్ధతిగా కట్టించాడు. కాలిబాట వేరు, కార్ల దారి వేరు అనే గట్టు తీసివేసి వీధి అంతా ఒకే మట్టానికి తెచ్చారు. దారి నేరుగా కనబడకుండా ఒకచోట ఎడమకు, ఒకచోట కుడికి చెట్లు, బల్లలు, పూల తొట్లు వచ్చాయి. కార్లు గుర్తు వేసిన గళ్ళలోనే నిలపాలి. వీధి మొదట్లో దారిని సన్నం చేశారు, ఇక్కడినుంచి మరొకరి ఇంట్లోకి వస్తున్నాము అని డ్రైవరుకు తెలిసేలాగ.

ఇలాంటి వీధికి వాళ్ళు పెట్టుకున్న పేరు వోన్‌ఎర్ఫ్. నిక్ డి బూర్ అనే పట్టణ ప్రణాళిక నిపుణుడు పెట్టిన పేరిది. వోన్ అంటే నివాసం, ఎర్ఫ్ అంటే ఇంటి ముందూ చుట్టూ ఉండే సొంత జాగా. ఈ అర్థం చదివినప్పుడు నాకు మన మాట ఒకటి గుర్తుకు వచ్చింది: వాకిలి. కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, సాయంత్రం మంచం వాల్చుకుని, వచ్చేపోయేవారిని పలకరించే వాకిలి. దానికి వాళ్ళు కొత్త పేరు పెట్టుకుని సంపాదించుకున్నారు. మనకు పేరు ఉంది, వాకిలే బండ్ల కిందకు పోయింది.

1976లో నెదర్లాండ్స్ ప్రభుత్వం దీనికి చట్టం చేసింది. ఇల్లు, పెద్దమనిషి, బంతి ఆడే పిల్లవాడు, కారు ఉన్న నీలం రంగు బోర్డు వీధి మొదట్లో పెడతారు. ఆ బోర్డు దాటాక నడిచేవారు వీధి వెడల్పంతా వాడుకోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, బండి నడక వేగంతో మాత్రమే పోవాలని అప్పుడు నిబంధన పెట్టారు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. నడిచేవారు కూడా కారణం లేకుండా బండికి అడ్డం పడకూడదని అదే నిబంధనలలో ఉంది. అంటే కార్లను తరిమేయలేదు. కారు చుట్టం, ఇల్లు మనుషులది అన్నట్టు ఏర్పాటు చేశారు.

ఆ దేశంలో ఇదంతా సరదాగా జరగలేదు. 1971 ఒక్క సంవత్సరంలో అక్కడ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. మన తెలుగు జిల్లాలు కొన్ని కలిపినంత జనం ఉన్న చిన్న దేశానికి అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. ఫిక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత, తన కూతురిని అలా పోగొట్టుకున్నవాడు, 1972లో ఒక వ్యాసం రాశాడు. పిల్లల హత్య ఆపండి అని దాని శీర్షిక. అదే పేరుతో తల్లిదండ్రుల ఉద్యమం లేచింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డి పైప్ అనే ఇరుకు పేటలో అదే 1972లో పిల్లలే తమ వీధిని ఆటకు ఇవ్వాలని పట్టుబట్టారు. పెద్దలు కొందరు మెచ్చుకున్నారు, కొందరు మీద పడి కసిరారు. 2023కు వచ్చేసరికి ఆ దేశంలో ఏడాదికి చనిపోయినవారు 684. మధ్యలో హెల్మెట్లు, సీటు బెల్టులు, సైకిలు దారులు, మంచి వైద్యం ఎన్నో వచ్చాయి. వీధి మార్పు ఒక్కదాని ఘనత అని నేను అనను. కాని ఇళ్ళ మధ్య బండి నెమ్మదిగానే పోవాలి అన్న పట్టు మాత్రం అప్పుడు పట్టినదే, ఇప్పటికీ వదలలేదు.

నెమ్మది అంటే ఎంత నెమ్మది?

"మేము నెమ్మదిగానే పోతాం సిస్టర్, నలభై, యాభైకి మించం" అని కుర్రాళ్ళు చెబుతుంటారు. కాస్త లెక్క చూద్దాము.

30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా పోతుంది. 50 మీద అయితే సుమారు 14 మీటర్లు. ఎదుట పిల్లవాడు కనబడ్డాక మన కంటికి, బుర్రకు, కాలికి కలిపి బ్రేకు మీద పడడానికి ఎంత చురుకైనవాడికైనా సెకను పడుతుంది. ఆ తరువాతే బ్రేకు పట్టుకోవడం మొదలు. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, 30 మీద ఉన్న కారు మొత్తం సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది. 50 మీద ఉన్నదానికి 28 మీటర్ల దాకా కావాలి. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు అప్పుడే బ్రేకు వేయడం మొదలుపెడుతుంది. అక్కడ పిల్లవాడు ఉంటే పూర్తి వేగంతో తగులుతుంది. 20 మీద పోతే 8 మీటర్లు చాలు.

దెబ్బ బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపు అయితే దెబ్బ నాలుగు రెట్లు. 30 నుంచి 50కి పోతే దాదాపు మూడు రెట్లకు దగ్గర. కేజువాల్టీలో మాకు ఈ తేడా కట్టు కట్టి ఇంటికి పంపే పిల్లవాడికీ, తలకు స్కానింగు రాసి పెద్ద ఆసుపత్రికి పంపే పిల్లవాడికీ మధ్య తేడాగా కనిపిస్తుంది. అందుకే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాల మంత్రులు కూడిన రోడ్డు భద్రత సభ, బండ్లూ మనుషులూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లకు మించకూడదని తీర్మానించింది.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. "చూసుకుని దాటరా అని ఎన్నిసార్లు చెప్పినా వినడు" అని తల్లులు మా ముందే పిల్లవాడిని కొట్టబోతారు. వినకపోవడం కాదమ్మా. చిన్న పిల్లల బుర్రకు దూరంగా వచ్చే బండి వేగం అంచనా కట్టే శక్తి ఇంకా రాదు. బంతి కనబడితే బంతే కనబడుతుంది. వాడి ఎత్తుకు నిలిపి ఉన్న కారు ఒక గోడ. జాగ్రత్త నేర్పండి, తప్పకుండా నేర్పండి. కాని ఆరేళ్ళ పిల్లవాడి జాగ్రత్త మీద మాత్రమే ఆధారపడే వీధి మంచి వీధి కాదు.

ఎదుటింటివారు ఎవరో తెలుసా?

దెబ్బలే కాదు, ఇంకొక నష్టం ఉంది. డోనల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కన ఉన్న మూడు వీధులను పరిశీలించాడు. ఇళ్ళు, మనుషులు ఇంచుమించు ఒకేలాంటివారు. తేడా బండ్లలోనే. ఒక వీధిలో రోజుకు 2,000 బండ్లు, ఒకదానిలో 8,000, ఒకదానిలో 16,000. మీకు ఈ వీధిలో స్నేహితులు ఎంతమంది అని ఇంటింటా అడిగాడు. బండ్లు తక్కువ ఉన్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు తేలారు. బండ్లు ఎక్కువ ఉన్న వీధిలో ఒక్కరు కూడా నిండుగా లేరు, 0.9. మీ ఇల్లు ఎంతవరకు అని గీయమంటే మొదటి వీధివారు వీధినంతా తమ ఇంట్లో కలిపి గీశారు. మూడో వీధివారు గుమ్మంతో ఆపేశారు. 1972లో వెలువడిన ఈ పరిశీలన తరువాత 1981లో పుస్తకంగా కూడా వచ్చింది. మరుసటి ఏడాదే ఆపిల్‌యార్డ్ ఏథెన్స్ నగరంలో వేగంగా వచ్చిన కారు కింద పడి మరణించాడు.

దీనికీ ఆసుపత్రికీ ఏమి సంబంధం అంటారేమో. పక్షవాతం వచ్చినప్పుడు మొదటి గంటలు ఎంత విలువైనవో ఇదే పుస్తకంలో వేరొక చోట చదివి ఉంటారు. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఉదయం తలుపు తీయలేదని గమనించేది ఎదురింటివారే. ఎదురింటివారికి ఆవిడ తెలిసి ఉండాలి కదా. మా వార్డుకు ఆలస్యంగా వచ్చినవారిలో, పక్కింట్లో మనుషులు ఉండి కూడా ఆలస్యమైనవారు ఉన్నారు.

మా సందులో చేసిన పొరపాట్లు

ఇదంతా పరాయి దేశం కథ అనుకోకండి. మా క్వార్టర్స్ వెనుక ఒక సందు ఉంది. ముప్పై ఇళ్ళుంటాయి. పెద్ద రోడ్డు మీద వంతెన మరమ్మతు పెట్టిన ఏడాది బండ్లన్నీ ఈ సందులోకి మళ్ళాయి. మరమ్మతు అయిపోయింది గాని, దారి తెలిసిపోయిన బండ్లు మళ్ళీ వెనక్కి పోలేదు.

కోపంతో ఉన్న కుర్రాళ్ళు ఒక రాత్రి సిమెంటు కలిపి సందు అడ్డంగా కట్ట పోసేశారు. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు, కత్తి వీపులాగ. రంగు లేదు, బోర్డు లేదు. మూడో రోజున భర్త వెనుక ఒక పక్కకు కూర్చుని వస్తున్న గర్భిణీ దాని మీద ఎగిరి పడింది. ఆమెను మా దగ్గరికే తెచ్చారు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు, కాని ఆ రాత్రి ఆ కుర్రాళ్ళ ముఖాలు నేను మరచిపోలేను.

స్పీడ్ బ్రేకరుకు కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన సూచనల ప్రకారం గుండ్రని కట్ట ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. దాని మీద బండి సుమారు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా ఎక్కి దిగుతుంది. వెడల్పు అంత ఉండాలి అంటే మన సందుల్లో ఎవరూ నమ్మరు. మనం కట్టేవి ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. అవి బండిని ఆపవు, నడుమును విరుస్తాయి. ఎముకలు పెళుసైన పెద్దవారికి ఆటోలో ఒక్క కుదుపుకు వెన్నుపూస కుంగిపోవచ్చు. కాబట్టి రాత్రిపూట సిమెంటు కలిపే పని ఎవరూ చేయవద్దు. మునిసిపాలిటీకో పంచాయతీకో వీధివారంతా సంతకాలు చేసి అర్జీ ఇవ్వండి. ఆలస్యమవుతుంది. అయినా అదే దారి.

మా సందువారు కట్ట పగలగొట్టించి, వార్డు కౌన్సిలరుగారిని తీసుకొచ్చి చూపించి, ఆయన అనుమతితో వేరే పని చేశారు. నూతికి దించే సిమెంటు వరలు ఆరు కొన్నారు. మట్టి నింపి, కానుగ మొక్కలు నాటి, ఒకటి ఎడమ పక్క, కొంత దూరంలో ఒకటి కుడి పక్క, అలా పెట్టారు. బండి పోతుంది, కాని పాములాగ మెలిక తిరిగి పోవాలి. డెల్ఫ్ట్ గురించి వాళ్ళలో ఎవరికీ తెలియదు. వరలు అయితే ఎవడూ ఎత్తుకుపోలేడు అనుకున్నారు, అంతే.

అవీ మొదటిసారి సరిగా కుదరలేదు. చీకట్లో ఒక స్కూటరు వరకు గుద్దుకుంది, అప్పుడు సున్నం కొట్టి రేడియం స్టిక్కర్లు అంటించారు. చెత్త ట్రాక్టరు మలుపు తిరగలేక రెండు వారాలు చెత్త ఎత్తలేదు, ఒక వరను గోడ వైపు జరిపారు. 108 బండి వస్తే ఎలా అని నేనే అడిగాను. ఒక ఆదివారం మా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరును బతిమాలి సందులో ఒకసారి నడిపించి చూశాము. ఒకచోట ఆగి వెనక్కి తీయవలసి వచ్చింది, అదీ జరిపారు. మీరు ఏ మార్పు చేసినా ఈ పరీక్ష తప్పకుండా చేయండి. మంటల బండి, అంబులెన్సు రాలేని వీధి అన్నిటికంటే ప్రమాదకరమైనది.

గొడవ అసలు బండ్ల వేగం మీద రాలేదు. కార్లు నిలపడం మీద వచ్చింది. రెండు కార్లున్న ఇంటాయన "నా గుమ్మం ముందు నా కారు పెట్టుకుంటే మీకేమిటి?" అన్నారు. ఎదురింటి కుట్టుపని చేసే ఆవిడ "మీ గుమ్మం ముందు సరే అన్నయ్యగారూ, రెండోది నా గుమ్మం ముందు కదా" అన్నది. చాలాసేపు వాదన జరిగింది. చివరకు కార్లన్నీ ఒకే పక్కన, వరల మధ్య ఖాళీలలో పెట్టుకునేటట్టు ఒప్పుకున్నారు. ఆయనకు ఇప్పటికీ కోపమే. నెదర్లాండ్స్‌లో కూడా ఈ వీధుల్లో కార్లు నిలిపే చోటు చాలడం లేదని ఫిర్యాదులు వచ్చాయి, కట్టడానికి ఖర్చు ఎక్కువని 1980లలో చాలాచోట్ల ఉత్త 30 కిలోమీటర్ల హద్దుతో సరిపెట్టుకున్నారు.

ఇంకొక హెచ్చరిక. గట్టు తీసేసి వీధినంతా ఒకే మట్టం చేస్తే కళ్ళు కనబడనివారికి కష్టం. వారు కర్రతో గట్టు అంచును తడుముకుంటూ నడుస్తారు. ఇంగ్లండులో అంధుల సంఘాలు ఈ విషయం మీద గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. మీ వీధిలో చూపు లేనివారు, కర్ర పట్టుకుని నడిచేవారు, చక్రాల కుర్చీవారు ఉంటే మొదటి రోజే వారిని పిలిచి అడగండి.

మా సందులో వేగం కొలిచే యంత్రం ఎవరి దగ్గరా లేదు. కుట్టుపని ఆవిడ తన కొలత చెప్పింది. "ఇదివరకు ధనుర్మాసంలో ఆరింటికి ముగ్గు వేస్తే ఎనిమిదికల్లా టైర్లు తొక్కి చెరిపేసేవి. ఈ ఏడు సాయంత్రం దాకా ఉంది సిస్టర్." ఆ మాట నాకు చాలు.

మొదలు ఎక్కడ పెట్టాలి?

వరలు కొనకముందు, అర్జీ రాయకముందు, ఒక సాయంత్రం అరుగు మీద ఇద్దరు కూర్చుని గంటసేపు బండ్లు లెక్కపెట్టండి. మన వీధి బండ్లు ఒక గీత, పరాయి బండ్లు ఒక గీత. చాలాసార్లు అందరూ తిట్టుకునేది పరాయివారిని, వేగంగా పోయేది మన పిల్లలే అని తేలుతుంది. అప్పుడు పని మునిసిపాలిటీ దగ్గర కాదు, మన ఇంట్లో ఉంది. పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి ఇస్తే, ఆ పిల్లవాడు బండి నడిపి నేరం చేసినప్పుడు తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఈ సంగతి వార్డులో చెబితే ఇప్పటికీ చాలామంది ఆశ్చర్యపోతారు.

లెక్క అయ్యాక వీధిలో అందరినీ కూర్చోబెట్టండి. అద్దెకు ఉన్నవారిని, ఆటో నడిపేవారిని, కిరాణా కొట్టతన్ని కూడా పిలవండి. వారిని వదిలేస్తే రెండో వారానికి అంతా చెడుతుంది. ముందు జరపగలిగే వస్తువులతో నెల రోజులు చూడండి. డ్రమ్ములు, కుండీలు, సున్నపు గీత. పేవరు ఇటుకలు పరిచిన సందులైతే మీరు అదృష్టవంతులు, అవి డెల్ఫ్ట్ ఇటుకల్లాగే తీసి పెట్టవచ్చు, అనుమతి మాత్రం అడిగి. కారు వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి వెనుక నిలబడే అలవాటుకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఈలోగా వీధిలో ఎవరికైనా దెబ్బ తగిలితే చేతులు, కాళ్ళు పట్టుకుని లేపి ఆటోలో కుక్కవద్దు. తల, మెడ తిన్నగా ఉంచి, కదపకుండా 108కి ఫోను చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా నొక్కి పట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. పిల్లవాడు పడి లేచి ఆడుకుంటున్నా సరే, తలకు దెబ్బ అయితే ఆ రాత్రంతా కనిపెట్టి ఉండండి. వాంతులు, మత్తు, ఫిట్స్, తలనొప్పి పెరగడం, ముక్కు నుంచో చెవి నుంచో నీరు కారడం వీటిలో ఏది కనబడినా తెల్లవారే దాకా ఆగకుండా తీసుకురండి.

మొదట్లో చెప్పిన పెద్దాయన కొడుకు పోయిన నెల మందులకు వచ్చాడు. బండ్లు లెక్కపెట్టారట. సగానికి పైగా వాళ్ళ వీధివి కావట. అర్జీ ఇచ్చారు, ఇంకా జవాబు రాలేదు. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. తెల్లవారుజామున, పాల బండి రాకముందే, నాలుగో ఇంటి వేపచెట్టు దాకా వెళ్ళి వస్తున్నారట. కొడుకు పక్కనే నడుస్తున్నాడట, రోడ్డు వైపున.